పదకొండో పేజీ ఎవరిది

మా మంగళవారం చరిత్ర బృందం వేసిన చిన్న పుస్తకంలో పదకొండో పేజీ నేను రాసింది. దాని కింద మా చైర్మన్ గారి పేరు అచ్చయింది. ఇది అన్యాయం. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మొదలుపెడుతున్నాను.

ఇందులో ఎవరి పేరూ రాయను. గొడవంతా పేరు గురించే కాబట్టి ఇక్కడివాళ్ల పేర్లూ రాయను, రెండువేల ఏళ్ల కిందట రోములో పదవుల కోసం కొట్టుకు చచ్చినవాళ్ల పేర్లూ రాయను. ఎవరు ఏం చేశారో చెబితే చాలు.

మేముండేది ఇంగ్లండులో, స్విండన్‌లో. కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. నేను వచ్చి తొమ్మిదేళ్లయింది. మొదటి చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని కౌన్సిల్ వాళ్లు చెత్తడబ్బాలు ఏ వారం ఏ రంగువి తీసుకెళుతున్నారో గమనించి, తేడా వచ్చినప్పుడల్లా కోడలికి చెబుతూ ఉండేవాణ్ణి. చివరికి ఆ అమ్మాయే నన్ను లైబ్రరీలో చేర్పించింది.

"మావయ్యగారూ, ఇంట్లో ఉంటే మీరు నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నారు. వెళ్లి కాసేపు ఆ పుస్తకాల్ని చెయ్యండి," అంది. కోడలిది కాకినాడ. మాట దాచుకునే రకం కాదు.

క్రాస్ ఎగ్జామిన్ అని ఊరికే అనలేదు. నా చదువు ఎస్సెల్సీతో ఆగింది. పద్దెనిమిదో ఏట తణుకులో ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాగా చేరి ముప్ఫై ఎనిమిదేళ్లు చేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఆయన బీరువాలో ఉన్న తీర్పుల సంపుటాల్లోంచి వచ్చింది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే గంటన్నరలో ఒక్కో తీర్పూ చదివి, తెలియని మాట వెనక పేజీలో రాసుకుని, సాయంత్రం నిఘంటువు చూసుకునేవాణ్ణి. ఇప్పటికీ నేను టికెట్ అడిగితే బస్సు డ్రైవరు కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

వకీలు గారు పని చెప్పే తీరు ఇదీ: కక్షిదారు వెళ్లిపోయాక రెండు ముక్కలు నోటితో అనేవారు. నేను చిత్తు రాసి, దిద్ది, సాపు ప్రతి తీసి ఆయన బల్ల మీద పెట్టేవాణ్ణి. ఆయన పై పేజీలు తిప్పకుండానే ఆఖరి పేజీ లాగి సంతకం పెట్టేసేవారు. ఎక్కడ పెట్టాలో వెతుక్కునే అవసరం ఆయనకి నేను ఏనాడూ రానివ్వలేదు. చదవకుండా పెడుతున్నారంటే నా మీద అంత నమ్మకమని గర్వపడేవాణ్ణి కూడా.

ఆ రోజుల్లో ఒక దత్తత దావా వచ్చింది. పిల్లల్లేని పెద్దాయన ఒకాయన తన తోబుట్టువు మనవణ్ణి పెంచుకున్నాడు. బిడ్డని ఇచ్చారు, పుచ్చుకున్నారు, ఊరంతా చూసింది. హోమం మాత్రం జరగలేదు. ఎందుకంటే పెద్దాయన తమ్ముడు వీధి గుమ్మంలో నిలబడి పురోహితుణ్ణి వెనక్కి పంపేశాడు. నెల తిరక్కుండా పెద్దాయన పోయాడు. హోమం లేదు కనుక దత్తత లేదు, ఆస్తి నాదీ అని అదే తమ్ముడు కోర్టుకెక్కాడు. మేం బిడ్డ పక్షం. నేను చిత్తులో ఒక వాక్యం రాశాను: జరగనివ్వకుండా ఆపినవాడే, జరగలేదు కనుక చెల్లదని అడగడానికి వీల్లేదు. వకీలు గారు కోర్టులో దాన్ని మూడుసార్లు చదివారు. జడ్జి గారు కళ్లజోడు తీసి, "బాగా చెప్పారు," అన్నారు ఆయనతో. నేను వెనక కాగితాల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. మేం గెలిచాం. అప్పుడు నాకు బాధ కలగలేదు. ఆ వాక్యం మాత్రం మరిచిపోలేదు.

ఇక బృందం సంగతి. లైబ్రరీ మేడ మీద గదిలో మంగళవారం పొద్దున పదిన్నరకి కూడతాం. పదిహేను మందిమి, అందరం రిటైరైనవాళ్లమే. చైర్మన్ గారు రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి దిగినాయన. ఏ చలికాలం ఏం చదవాలో ఆయన తేలుస్తాడు. సెక్రటరీ గారు ఒక జీపీ దగ్గర, అంటే పేట డాక్టరు దగ్గర, రిసెప్షన్‌లో కూర్చుని ఇరవై ఏళ్లపాటు జనాన్ని డాక్టరు దాకా వెళ్లకుండా ఆపినావిడ. ఎవరు ఏ వారం టీ పెట్టాలో రాసే రోటా ఆవిడ చేతిలో ఉంటుంది. కెటిల్ ఉండే అలమర తాళం ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. ఇద్దరికీ పడదు. ఆవిడకి చైర్మన్ కుర్చీ కావాలి. ఈయన పన్నెండేళ్లుగా దాంట్లోంచి లేవడం లేదు.

పోయిన చలికాలం రోము చదువుదామని ఆయన అన్నప్పుడు ఆవిడ రోటా లోంచి తలెత్తకుండానే అంది: "మళ్లీ మగాళ్లు మగాళ్లని పొడుచుకోవడమేనా?"

"ఆడవాళ్లు పొడిపించినవి కూడా ఉన్నాయి. నాలుగో అధ్యాయం దాకా ఓపిక పట్టండి."

"టీ కూడా అప్పటిదాకా ఆపమంటారా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు కాని చెవులు ఎర్రబడ్డాయి.

ఆ చలికాలం నేను చదివినంత ఇదిగా ఇంకెవరూ చదివి ఉండరు. కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. రోములో ఒక నియంతని నిండు సభలో పొడిచి చంపారు. వీలునామా విప్పితే, తన తోబుట్టువు మనవణ్ణి కొడుకుగా స్వీకరిస్తున్నానని రాసి ఉంది. వాడికి పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాది రాజ్యం నడిపే అధికారిని వాళ్లు కాన్సల్ అంటారు. నియంతకి కుడిభుజంగా ఉన్నవాడే అప్పుడు కాన్సల్. చచ్చినాయన కాగితాలూ సొమ్మూ తన అధీనంలోకి తెచ్చుకున్నాడు. దత్తతని అక్కడి ప్రజాసభ ఖాయం చెయ్యాలి. ఆ పని సాగకుండా కాన్సల్ తన మనుషుల చేత వాయిదా మీద వాయిదా వేయించాడు.

వీళ్లకి తోడు సభలో ఒక పెద్దాయన, గొప్ప వక్త. కాన్సల్ అంటే ఆయనకి ఒళ్లు మంట. ఈ కుర్రాణ్ణి పొగిడి, పైకెత్తి, కాన్సల్ మీదికి ఉసిగొలిపాడు. పని అయ్యాక వీణ్ణి పక్కన పెట్టేద్దామని ఆయన ఎత్తు. ఆ మాట కుర్రాడి చెవిన పడింది. రెండేళ్లు తిరక్కుండా కుర్రాడూ కాన్సలూ ఒకటైపోయారు. చంపాల్సినవాళ్ల జాబితా ఒకటి రాస్తే అందులో పెద్దాయన పేరు ఉంది.

మేం చదువుతున్న పుస్తకంలో, దత్తత సకాలంలో ఖాయం కాలేదు కనుక కుర్రాడి హక్కు బలహీనమైనదని ఉంది. అందరూ తలలూపారు. నాకు తణుకు కోర్టు హాలు కళ్ల ముందుకొచ్చింది. ఖాయం కానివ్వకుండా గుమ్మంలో నిలబడింది ఎవరు? దాన్ని వాడి హక్కు లోపమని ఎలా అంటారు? చెయ్యెత్తి ఆ మాట అనేయాల్సింది. అనలేదు. కోర్టు హాల్లో గుమాస్తా నోరెత్తడు, చీటీ రాసి అందిస్తాడు. నేను ఇంటికెళ్లి రాశాను.

నాలుగు రోజులు పట్టింది. చిత్తు నా దగ్గర ఉంచుకుని సాపు ప్రతి తీశాను. ఆఫీసులో రాసినట్టే మార్జిన్ విడిచి, పేరాకి పేరాకి మధ్య సందు విడిచి, నల్ల సిరాతో. పై మంగళవారం క్లాసు అయ్యాక రెండు చేతులతో చైర్మన్ గారికి ఇచ్చి, "సర్, పనికొస్తుందేమో చూడండి," అన్నాను.

"నన్ను సర్ అనకండి. ముప్ఫై ఏళ్లు చేతులకి గ్రీజు పూసుకున్నవాణ్ణి," అన్నాడు. కాగితాన్ని తన నీలం ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు. తరవాతి వారం మెట్ల దగ్గర ఎదురై, "బాగుంది. మన పుస్తకంలో వేద్దాం," అన్నాడు. ఏటా చలికాలం చివర సభ్యుల రాతలు కొన్ని ఏరి, ముప్ఫై పేజీల చిన్న పుస్తకంగా వేస్తారు. నేను ఆ సాయంత్రం రెండు స్టాపులు ముందే బస్సు దిగి నడిచి ఇంటికి వెళ్లాను. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

పుస్తకం ఏప్రిల్‌లో వచ్చింది. బస్సులో తెరిచాను. పదకొండో పేజీ. నా వాక్యం అక్షరం మారకుండా ఉంది. కింద ఆయన పేరు.

కోడలు ఆ రోజు బ్రాక్‌నెల్ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చింది. కోటు విప్పకముందే పుస్తకం చేతిలో పెట్టాను. నిలబడే చదివింది.

"రాత మీదే. నాకు తెలుస్తోంది. ఇన్ని కామాలు ఇంకెవరు పెడతారు?"

"కింద చూడు."

చూసింది. "పేరొక్కటే కదా మావయ్యగారూ. పైనున్నదంతా మీదే కదా."

"కిందున్నదే నాకు కావాలి."

"మీ వకీలు గారి మీద ఇంత కోపం రాలేదే మరి?"

"అది ఉద్యోగం. ఇక్కడ నేను ఎవరికీ గుమాస్తాని కాను."

"అయితే ఫోన్ చేసి అడిగెయ్యండి. ఏదో పొరపాటై ఉంటుంది."

"ఫోన్లో అడిగినదానికి రుజువేముంటుంది?"

"అంటే నోటీసు ఇస్తున్నారన్నమాట," అని కోటు విప్పుకుంటూ నవ్వింది. "ఆయన పాపం రిటైరై ప్రశాంతంగా ఉందామనుకున్నాడు."

నోటీసే ఇచ్చాను. పద్నాలుగు పేరాలు, ఒక్కోదానికీ నంబరు. చిత్తు ప్రతి నకలు జతచేశాను. అందులో నా కొట్టివేతలూ దిద్దుబాట్లూ అన్నీ ఉన్నాయి, ఆ రాత నాది కాదని ఎవరూ అనలేరు. మూడు వారాలు గడిచాయి. జవాబు లేదు. ఆయన క్లాసుకీ రాలేదు. మోకాలి ఆపరేషన్ అయిందన్నారు. మోకాలికీ ఉత్తరానికీ సంబంధమేమిటని నేను అనుకున్నాను. రాసేది చేత్తో కదా.

నాలుగో మంగళవారం సెక్రటరీ గారు స్వయంగా నాకు టీ తెచ్చి ఇచ్చింది. సాసర్‌లో చాక్లెట్ పూసిన బిస్కట్లు రెండు. మామూలుగా ఆవిడ పంచేది మామూలు రకం, మనిషికి ఒకటి.

"మీకు జరిగింది ఘోరం," అంది పక్కన కూర్చుని.

"మీకెవరు చెప్పారు?"

"నాకు అన్నీ తెలుస్తాయి, డియర్. వచ్చే నెల వార్షిక సమావేశం. ఆయన మళ్లీ నిలబడతాడు. మీరు లేచి జరిగింది జరిగినట్టు చెప్పండి. అంతకుమించి ఏమీ వద్దు."

"చెబితే?"

"నేను చైర్మన్నయితే ఆ పుస్తకం మళ్లీ అచ్చు వేయిస్తాను. మీ పేరుతో. పెద్దక్షరాల్లో."

రోములో ఆ పెద్దాయన కుర్రాడితో ఏం మాట్లాడి ఉంటాడో నాకు ఆ క్షణాన బాగా అర్థమైంది. నేను నెలల తరబడి చదివిన అధ్యాయమే అది. తెలిసే ఒప్పుకున్నాను. ఆ కుర్రాడూ తెలిసే ఒప్పుకుని ఉంటాడు. పేరు కావలసినవాడు పైకెత్తే చెయ్యి ఎవరిదని చూడడు. రెండో బిస్కట్ కూడా తిన్నాను.

సమావేశం రోజు చైర్మన్ గారు చేతికర్రతో వచ్చాడు. మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. నీలం ఫోల్డర్ చంకలో ఉంది. ఎన్నికకి ముందు ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగినప్పుడు సెక్రటరీ గారు నా వైపు చూసింది. లేచాను. జీవితంలో మొదటిసారి ఒక హాల్లో నిలబడి, నా నోటితో, నా పక్షం నేను చెప్పుకున్నాను. మూడు నిమిషాలు పట్టింది. పుస్తకం ఎత్తి పదకొండో పేజీ చూపించాను, చిత్తు ప్రతి చూపించాను. దత్తత గురించి రెండు ముక్కలు చెప్పబోతే వెనక నుంచి ఒకాయన, "రోము టీ తరవాత పెట్టుకుందామా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

చైర్మన్ గారు ఒళ్లో ఫోల్డర్ తెరిచాడు. లోపల ఏదో కాగితం చూశాడు. నన్ను చూశాడు. ఫోల్డర్ మూసేశాడు.

"ఆ పేజీ ఆయన రాసిందే," అన్నాడు. "నేను చెప్పేదేం లేదు."

అంతే. సంజాయిషీ లేదు, క్షమాపణ లేదు. చేతులెత్తమంటే ఆవిడకి తొమ్మిది, ఆయనకి నాలుగు. నా చెయ్యి ఆ తొమ్మిదిలో ఉంది. ఆయన చేతికర్ర తీసుకుని, అందరి కంటే ముందు బయలుదేరి, అందరి కంటే చివర కిందికి దిగాడు. మెట్ల మీద పక్కనుంచి వెళ్లేటప్పుడు నేను ఆయన మొహం చూడలేదు.

గెలిచినట్టే అనిపించింది, వారం పాటు. తరవాతి మంగళవారం కొత్త చైర్మన్ గారిని పుస్తకం మాట అడిగాను.

"కాపీలన్నీ పంచేశాం, డియర్. ఇప్పుడు మళ్లీ అచ్చంటే కష్టం. వచ్చే ఏడాది చూద్దాం."

"పెద్దక్షరాలన్నారు."

"అన్నాను. వచ్చే ఏడాది."

కొత్త రోటా గోడకి అంటించింది. వరసగా మూడు వారాలు టీ పెట్టే వంతు నాకు వేసింది. ఈ దేశంలో నా పేరు టైపు చేసి ఉండగా నేను చూసుకున్నది ఆ కాగితం మీదే.

ఇంట్లో చెబితే కోడలు ఈసారి నవ్వలేదు. "ఆవిడ సంగతి వదిలెయ్యండి. ఆ పెద్దాయన ఒప్పుకున్నారు కదా, అందరి ముందూ. ఇంకేం కావాలి మీకు?"

"ఎందుకు చేశాడో కావాలి."

"తెలుసుకుని?"

వకీలు గారిని ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు అడగడానికి మిగిలినవాడు ఈయన ఒక్కడే. కోడలితో ఈ మాట అనలేదు. అంటే మళ్లీ, పాపం ఆయన, అంటుంది.

రెండో ఉత్తరం రాశాను. ఈసారి పేరాలు మూడే. ఆ పేజీ నేను రాశానని మీరు సభలో ఒప్పుకున్నారు. అలాంటప్పుడు దాని కింద మీ పేరు ఎలా వచ్చింది? రాతపూర్వకంగా తెలియజేయగలరు. అందినట్టు సంతకం తీసుకునే పోస్టులో పంపాను.

పది రోజులకి జవాబొచ్చింది. చేత్తో రాసిన రెండు పేజీలు, దానికి పిన్ను చేసి ఒక నకలు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో దించుతున్నాను, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా.

"మీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిదానికి జవాబు రాయకపోవడం నా తప్పు. ఎదురుగా చెబితే బాగుంటుందనుకున్నాను, ఈలోగా మోకాలు.

మీరు నాకిచ్చిన కాగితం నకలు జతచేశాను. మీరు పంపిన చిత్తు కాదు, నా చేతికిచ్చింది. ఆఖరి పేజీ చూడండి. కుడివైపు కింద స్కేలు పెట్టి గీత గీశారు. గీత కింద మీ రాతలోనే ‘చైర్మన్’ అని ఉంది. గీత పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టారు. మీ పేరు ఎక్కడుందోనని నాలుగు పేజీలూ వెతికాను. లేదు. వర్క్‌షాపులో నా ముందుకి అలాంటి గీతతో కాగితం వచ్చిందంటే నా సంతకం కోసమే వచ్చినట్టు. పెట్టకపోతే కింద పని ఆగిపోయేది. మీరు అదే అడుగుతున్నారనుకుని పెట్టాను. పెట్టి సెక్రటరీకి ఇచ్చాను. టైపు చేసి కాగితాలు నాకు తిరిగిచ్చింది ఆవిడే. మీ చేతిరాత ఆవిడకి తెలుసు.

అచ్చులో నా పేరు చూసినప్పుడు వెంటనే మీకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ పేజీ కింద నా పేరు చూడడానికి బాగుంది. రెండు వారాలు అలా ఉండనిచ్చాను. ఆ రెండు వారాలకీ నేను బాధ్యుణ్ణి. మీరు నిలబడి అన్నది ఆ మేరకు నిజం, అందుకే ఆ రోజు కాగితం బయటికి తియ్యలేదు.

ఇకముందు ఏదైనా రాస్తే గీత కింద మీ పేరు మీరే వేసి ఇవ్వండి.

ఇంకొక్క మాట. నేను చదవకుండా సంతకం పెట్టలేదు."